తాబేలు జాడ కనిపిస్తే ఏం చేయాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అవే రోజుల్లో నేలపట్టు చెరువులో గూడబాతు (పెలికాన్) పిల్లలు గూళ్లలో నిలబడి రెక్కలు ఆడిస్తుంటాయి. ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఈ రెంటి గురించే.

మాది మైపాడు దగ్గర పట్టపుపాళెం. తెల్లారుజామున వలల దగ్గరికి పోతుంటే ఇసుకలో తాబేలు జాడ కనిపిస్తుంది. పిల్లకాయలు తవ్వబోతారు. ఎట్లాగూ కుక్కలు తినేస్తాయి గదా, గుడ్లు ఎత్తి వేరేచోట పెట్టొచ్చా? – ఒక మత్స్యకారుడు

ముందు తవ్వనివ్వకండి. జాడ చూడండి. ఆలివ్ రిడ్లీ జాడ 70–80 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. రెక్కల గుర్తులు ఎదురెదురుగా పడవు, ఒకటి ముందు, ఒకటి వెనకగా కామాలు పేర్చినట్టుంటాయి. వచ్చిన జాడ ఒకటి, పోయిన జాడ ఒకటి. రెండూ కలిసేచోట ఇసుక చెదిరి, పైన పొడి ఇసుకతో పాటు లోపలి తడి ఇసుక కూడా చిమ్మి ఉంటే గుడ్లు పెట్టినట్టు. చెదిరిన చోటు లేకుండా జాడ వంకర తిరిగి పోయిందంటే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లింది. వెలుతురుకో, మనుషుల అలికిడికో అట్లా మళ్లుతుంది.

తర్వాత గూడు ఎక్కడుందో చూసుకోవాలి. పున్నమి, అమావాస్య పోటుకు నీళ్లు ఎంతదాకా వస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆ గీతకు పైన, ఇసుక మీద పాకే బాలబండి తీగ మొదలయ్యే చోట గూడుంటే కదిలించకండి. జాడను చీపురుతోనో కొమ్మతోనో చెరిపేయండి. గుడ్లెత్తుకుపోయేవాళ్లకి దారి చూపేది ఆ జాడే. కుక్కల బెడదుంటే మీటరు పొడవు, మీటరు వెడల్పున్న మెష్ ముక్కను గూటి మీద అరజానెడు లోతులో పరిచి, నాలుగు అంచులూ ఇసుకలోకి వంచి, మేకులు దిగ్గొట్టాలి. కన్ను 7 సెంటీమీటర్లుంటే పిల్ల దూరి పైకొస్తుంది, కుక్క మూతి పట్టదు. ఇనుప మెష్ కంటే ప్లాస్టిక్ మెష్ మంచిది. పిల్లలు సముద్రంలో దిక్కు పట్టడానికి భూమి అయస్కాంత శక్తిని కూడా వాడుకుంటాయి, ఇనుము దానికి అడ్డు రావచ్చు.

గూడు పోటు గీతకు కిందుంటే, లేదా కుక్కలు, నక్కలు బాగా తిరిగే చోటుంటే, అప్పుడే గుడ్లు మార్చే ఆలోచన చేయాలి. అది కూడా అటవీశాఖ బీట్ ఆఫీసరుకు కబురు చేసి, అనుమతి ఉన్నవాళ్ల చేతే. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. గుడ్డు ముట్టుకున్నా నేరమే. ముందు రోజుల్లోనే మీ పల్లెలో ఇద్దరు ముగ్గురు అనుమతి, శిక్షణ తీసుకుని ఉంటే తెల్లారుజామున పరుగులు పెట్టే పని ఉండదు.

మార్చాల్సిన గుడ్లను, పెట్టిన రెండు గంటల్లోపు మార్చడం మేలు. ఆలస్యమైతే నష్టం ఎందుకంటే, గుడ్డు లోపలి పిండం కొన్ని గంటల్లోనే పైపొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే అతుకు ఊడి పిండం చచ్చిపోతుంది. గుడ్డు టేబుల్ టెన్నిస్ బంతి అంతుంటుంది. పెంకు కోడిగుడ్డులా పెళుసుగా ఉండదు, మెత్తటి తోలులా ఉంటుంది. తాజా గుడ్డుకు చిన్న సొట్ట ఉన్నా అది చెడిపోయినట్టు కాదు. పైభాగాన తెల్లటి మచ్చ కనిపించిందంటే మాత్రం పిండం అతుక్కుందని అర్థం. ఇక దాన్ని కదిలించకూడదు, ఉన్నచోటే మెష్ వేసి కాపాడుకోవాలి.

గుడ్లు ఎక్కడున్నాయో తెలుసుకోడానికి కర్ర గుచ్చకండి, పైవరస గుడ్లు పగులుతాయి. పగిలిన గుడ్డు కుళ్లి, చీమలు చేరి, పక్క గుడ్లను కూడా పాడుచేస్తుంది. చేత్తో తడమాలి. చుట్టూ గట్టిగా ఉన్నచోట ఒక్క దగ్గర ఇసుక వదులుగా, తడిగా దిగిపోతుంది. అదే గూటి మెడ. గోళ్లు కత్తిరించుకుని, రెండు చేతులతో ఇసుక తీసి, గుడ్లు ఒక్కోటి ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి బకెట్లో పెట్టాలి. బకెట్టు అడుగున అదే గూటి తడి ఇసుక నాలుగు వేళ్ల మందం వేసుకోవాలి. గుడ్లను ఎక్కించేటప్పుడే లెక్కపెట్టండి. మామూలుగా 100 నుంచి 120 ఉంటాయి. బకెట్టును మోటార్‌సైకిల్ మీద కట్టకండి, కుదుపులకు గుడ్లు దొర్లుతాయి. చేత్తో మోయాలి.

కొత్త గూడు కుండ ఆకారంలో తవ్వాలి. లోతు 45 సెంటీమీటర్లు, మెడ జానెడు వెడల్పు, అడుగున 30 సెంటీమీటర్ల దాకా బోలుగా. ఇసుక పొడిగా ఉంటే గోడలు నిలబడవు, అంచులు జారి కుండ కాస్తా గరాటు అవుతుంది. అందుకే ముందు పైన పొడి ఇసుకను పక్కకు తోసేసి, తడి తగిలాకే తవ్వడం మొదలెట్టాలి. గుడ్లు పెట్టాక మొదట పాత గూటి తడి ఇసుక, ఆ పైన మామూలు ఇసుక. కాలితో తొక్కి గట్టిపరచకండి, గుడ్లకు గాలి ఆడాలి. గూటికి గూటికి మధ్య మీటరు ఎడం ఉంచాలి. ఏ గూడు ఏ తేదీదో, ఎన్ని గుడ్లో చీటీ రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మేకుకు కట్టాలి.

పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో వస్తాయి. ఎండ ముదిరితే తొందరగా, చలిగా ఉంటే ఆలస్యంగా. ఇసుక వేడిని బట్టే ఆడో మగో తేలుతుంది. 29–30 డిగ్రీల పైన ఆడపిల్లలు ఎక్కువ, కింద మగవి ఎక్కువ. 34 డిగ్రీలు దాటి అలాగే కొన్ని రోజులుంటే గుడ్లలోనే చచ్చిపోవడం మొదలవుతుంది. మార్చి నెలాఖరు నుంచి మన దగ్గర ఎండ ఎట్లుంటుందో తెలిసిందే. అందుకే మార్చిన గుడ్లు పూడ్చి ఉంచే హేచరీ మీద సగం ఎండ ఆపే షేడ్‌నెట్ గానీ, పలచగా పరిచిన తాటాకు గానీ వేస్తారు. పూర్తిగా కప్పేయకూడదు.

40వ రోజు నుంచి ప్రతి గూటి మీదా బుట్ట బోర్లించి, రాత్రి రెండు గంటలకోసారి చూడాలి. పిల్లలు బయటపడ్డాక అరగంట లోపే వదలాలి. తెల్లారేదాకా ఆపి, టబ్బులో నీళ్లు పోసి ఊరి పిల్లకాయలకు చూపించి, ఫొటోలు దిగి వదిలే అలవాటు చాలాచోట్ల ఉంది. దీన్ని మానుకోమని గట్టిగా చెబుతున్నాం. గూటి నుంచి వచ్చిన పిల్ల ఒక రోజంతా ఆగకుండా ఈదడానికి కడుపులోని పచ్చసొనలో శక్తి దాచుకుని వస్తుంది. ఆ ఈత దాన్ని ఒడ్డు దగ్గరి వేటచేపల నుంచి దాటిస్తుంది. టబ్బులో ఆ శక్తి వృథాగా కరిగిపోతుంది. అలల్లోకి చేత్తో విసరొద్దు. నీటికి 10 మీటర్ల ఇవతల తడి ఇసుక మీద వదిలితే అవే పాకుతాయి. రోజూ ఒకే చోట వదిలితే చేపలు, కాకులు ఆ చోటు మరిగిపోతాయి కాబట్టి చోటు మారుస్తుండాలి.

మొదటి పిల్ల బయటకొచ్చిన మూడు రోజులకు గూడు తవ్వి ఖాళీ పెంకులు లెక్కపెట్టండి. 110 గుడ్లకు 88 పెంకులు దొరికితే 80 శాతం. అంతకు బాగా తగ్గితే కారణం వెతకాలి. గుడ్డులో పిండం అసలు కనిపించకపోతే గుడ్డు నిలవలేదు, లేదా మార్చేటప్పుడే పోయింది. పూర్తిగా పెరిగిన పిల్ల గుడ్డులో చచ్చి ఉంటే ఎండో, వాననీరో కారణం. ఏటా అదే చోట హేచరీ పెడుతుంటే ఇసుకలో బూజు పేరుకుంటుంది. చోటు మార్చండి, కుదరకపోతే రెండడుగుల లోతు ఇసుక తీసేసి పోటు గీత దగ్గరి కొత్త ఇసుక నింపండి.

కొత్తపట్నం వైపు తీరంలో మా రొయ్య పిల్లల హేచరీ ఉంది. రాత్రంతా ఫ్లడ్‌లైట్లు వేయాలి. తాబేలు పిల్లలు మా గేటు దగ్గరికి పాకి వస్తున్నాయి. లైట్లు ఆపితే దొంగల భయం. – ఒక సూపర్‌వైజరు

మీరు చూస్తున్నది నిజమే. పిల్లలు గూటి నుంచి రాగానే దిగువన ఎటు తెల్లగా కనిపిస్తే అటు పోతాయి. వెలుతురు లేని తీరంలో అది సముద్రమే. మీ లైటు సముద్రం కంటే తెల్లగా ఉంది, అంతే. లైట్లు ఆపనక్కర్లేదు, తిప్పితే చాలు. తీరం వైపు చూసే ఫ్లడ్‌లైట్లను లోపలి వైపుకు, నేల వైపుకు వంచండి. బల్బు తీరంలోంచి కనపడకుండా వెనక రేకు డొప్ప తొడిగించండి. తెల్ల ఎల్‌ఈడీ బదులు పసుపు, నారింజ రంగువి వేయండి. 560 నానోమీటర్ల పైబడిన కాంతి అని ఆర్డరులో రాయిస్తే కొట్టువాళ్లకి అర్థమవుతుంది. గేటు దగ్గర మనిషి వస్తే వెలిగే సెన్సర్ లైటు పెడితే దొంగలకు అదే ఎక్కువ భయం. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా ఇట్లా చేస్తే చాలు. పరీక్ష కూడా సులువు: రాత్రి తీరంలో నీటి అంచున నిలబడి మీ హేచరీ వైపు చూడండి. మీ నీడ ఇసుక మీద పడితే వెలుతురు ఇంకా ఎక్కువగా ఉన్నట్టు.

సింగరాయకొండ దగ్గర పాకల తీరానికి జనవరిలో చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తున్నాయి. వేట నిషేధం ఉంది కదా, మరి ఎందుకు చస్తున్నాయి? – ఒక ఉపాధ్యాయురాలు

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేళ్లు ఒడ్డుకు చేరేది అంతకు మూడు నెలల ముందే. వాటికి పనికొచ్చేది ఇంకో నిబంధన: మరపడవలు తీరానికి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదు. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేళ్లు ఆ మేరలోనే తిరుగుతుంటాయి. ఆ హద్దు దాటి లోపలికొచ్చే బోట్ల వల్ల చిన్న పడవల వాళ్ల వలలు తెగుతాయి, తాబేళ్లు కూడా పోతాయి. నష్టపోయేవాళ్లు ఇద్దరూ ఒకే వైపున్నారు. అందుకే తాబేళ్ల కోసం మొదట మాట్లాడాల్సింది పల్లె పెద్దలైన కాపులతోనే అని మా నమ్మకం. పల్లెలో దురాయి (ఊరి కట్టుబాటు) పెట్టి చెప్పిన మాట, గోడమీద అంటించిన నోటీసు కంటే బలంగా పనిచేస్తుంది.

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. ట్రాలు వలలో చిక్కి గంటలు లాగబడితే మునిగి చస్తుంది. దీనికి వల సంచికి ముందు పెట్టే టెడ్ అనే చట్రం ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన రకం వలలకు సరిపడేలా ఒకటి తయారుచేసింది. అందులో ఏటవాలుగా ఉన్న కడ్డీల మధ్య కొంత ఎడముంటుంది. రొయ్యలు, చేపలు కడ్డీల మధ్య నుంచి సంచిలోకి పోతాయి, తాబేలు కడ్డీలకు తగిలి పైనున్న తలుపు లోంచి బయటికి జారుతుంది. పెద్ద చేపలు కొన్ని పోతాయన్న బెంగ బోటు యజమానులకుంది, అది కొట్టిపారేసేది కాదు. కానీ టెడ్ లేదన్న కారణంతోనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యలను తీసుకోవడం ఆపింది. ఆ లెక్క కూడా వేసుకోవాలి. గుంటల్లో పెంచే రొయ్యలకు ఈ అడ్డు లేదు.

వలలో పడిన తాబేలు కదలకపోయినా చచ్చిందని అనుకోవద్దు. బోటు మీద బోర్లా, అంటే కడుపు కిందికి ఉండేలా పెట్టి, వెనక భాగం కింద జానెడు ఎత్తున గోనె మడిచి పెట్టండి. ఊపిరితిత్తుల్లో నీళ్లుంటే నోటి గుండా కారిపోతాయి. తడిగుడ్డ కప్పి నీడన ఉంచండి, ముక్కు మీద గుడ్డ పడకూడదు. వెల్లకిలా తిప్పి పొట్ట నొక్కడం పొరపాటు. కొన్ని గంటల తర్వాత లేచినవి ఉన్నాయి, 24 గంటల దాకా చూడొచ్చు. తేరుకున్నాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేని వైపు నీళ్లలోకి మెల్లగా జార్చాలి.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేలు డిప్ప పొడవు టేపుతో కొలిచి, తేదీ, చోటు రాసి, డిప్ప మీద పెయింటుతో గీత పెట్టించండి. గీత లేకపోతే ఒకే తాబేలును రేపు ఇంకొకరు మళ్లీ లెక్కపెడతారు. ఒకే వారంలో ఒకే చోట పదికి పైగా వస్తే మత్స్యశాఖకు, అటవీశాఖకు ఒకేసారి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ లెక్క ఉంటేనే గస్తీ బోటు అడగడానికి ఆధారం ఉంటుంది.

మా ఊరి చెరువు పూడిక తీయిస్తున్నారు. నేలపట్టులో లాగా పక్షులు గూళ్లు పెట్టాలంటే ఏం చేయాలి? – గ్రామ సర్పంచి, కావలి ప్రాంతం

నేలపట్టు 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. 1976లో అభయారణ్యం అయింది. అక్కడ గూడబాతులకు మూడు కలిసొచ్చాయి: నీళ్లలో నిలబడి బతికే కడప అనే రకం చెట్లు, ఈశాన్య రుతుపవనానికి నిండే చెరువు, దగ్గర్లో చేపలు దొరికే పులికాట్. మీ చెరువులో మొదటి రెండూ మీ చేతిలో ఉన్నవే.

పూడికమట్టినంతా కట్ట మీదకు తోలకండి. కొంత చెరువు లోపలే దిబ్బలుగా పోయించండి. పైభాగం 5 మీటర్లు, వాలు బాగా మెల్లగా, ఎత్తు నిండు చెరువు మట్టానికి అడుగు తక్కువ. ఒడ్డుకు 30 మీటర్లకు తగ్గకుండా దూరం ఉండాలి. మధ్యలో నీళ్లున్నంత కాలం కుక్కలు, అడవిపిల్లులు గూళ్ల దగ్గరికి రాలేవు. పక్షులు చూసుకునేది మొదట అదే. మార్చి వచ్చేసరికి చెట్ల కింద నీళ్లింకితే పెద్ద పక్షులు పిల్లల్ని వదిలేసి పోవడం జరుగుతుంది. గూడబాతు 2 నుంచి 4 గుడ్లు పెడుతుంది, పొదగడానికి నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు నెలలకు పైగా. అంటే అక్టోబరు, నవంబర్లలో గూడు కడితే మార్చి దాకా నీళ్లుండాలి. చెరువు నీళ్లు పొలాలకు వదిలేటప్పుడు దిబ్బల చుట్టూ ఉండే లోతట్టు గుంటను మిగుల్చుకోవడం మీ నీటి సంఘం ముందే రాసుకోవాల్సిన మాట.

మొక్కలు కడపవి కొన్ని, నల్లతుమ్మవి కొన్ని పెట్టండి. కడప మెల్లగా పెరుగుతుంది, నల్లతుమ్మ తొందరగా గూటికి కొమ్మనిస్తుంది. నడుమెత్తు మొక్కలే నాటండి. చిన్నవి నాటితే మొదటి వానలకే ఆకులతో సహా మునిగి కుళ్లుతాయి. జూలైలో నాటి, మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు మీటర్ల ఎడం ఇచ్చి, చుట్టూ చిల్లకంప (సర్కారుతుమ్మ ముళ్లకంప) కట్టాలి. మేకలకు ఇంతకన్నా మంచి కంచె లేదు. మొదటి రెండు వేసవులూ వారానికోసారి మొక్కకు బిందెడు నీళ్లు పోయాలి.

ఇప్పటికే చెరువులో చిల్లచెట్లుండి, వాటి మీద పక్షులు గూళ్లు పెడుతుంటే మాత్రం ఒక్కసారిగా కొట్టించకండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టేది ఎక్కువగా ఆ చెట్ల మీదే. కొత్త చెట్లు ఎదిగాకే పాతవి మూడో వంతు, మూడో వంతు చొప్పున తీయాలి. అదీ ఏప్రిల్ తర్వాత, గూళ్లు ఖాళీ అయ్యాక.

మొదట నీటికాకులు, తెల్లకొంగలు, చింతవొక్కులు వస్తాయి, ఆ తర్వాతే పెద్దవి. రెట్టకు కొన్ని చెట్లు మాడతాయి, వాటి బదులు నాటుతూ పోవాలి. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువే. తమిళనాడులో వేడంతాంగళ్ రైతులు ఈ సంగతి ఎప్పుడో గుర్తించారు. పక్షుల్ని కాల్చకుండా కాపాడమని అడిగి, 1798లో చెంగల్పట్టు కలెక్టరు చేత కౌలు, అంటే హామీ పత్రం, రాయించుకున్నారు.

చేపల గుంటల మీద గూడబాతులు వాలుతున్నాయి. సన్న నైలాన్ దారాలు కట్టాం, పక్షులు చిక్కి చస్తున్నాయి. ఇది మాకూ బాధగానే ఉంది. – ఒక రైతు

దారం సన్నగా ఉండి కనపడకపోవడం వల్లే చిక్కుతున్నాయి. దాన్ని తీసేసి, వేలెడు మందం తెల్ల తాడు గానీ, మెరిసే రిబ్బన్లు కట్టిన తాడు గానీ వాడండి. బిగుతుగా లాగి, నీటికి మనిషెత్తున, మూడు నాలుగు మీటర్ల ఎడంతో కట్టాలి. గూడబాతు లేవడానికీ దిగడానికీ పొడుగాటి పరుగు కావాలి. తాళ్లు అడ్డుంటే ఆ గుంటలోకి దిగదు. తాడు వదులైతే మళ్లీ అదే చిక్కు, అందుకే వారానికోసారి బిగించాలి. పిల్లచేపల గుంటలకు మాత్రమే పూర్తి వల కప్పండి, పెద్ద గుంటలకు అంత ఖర్చు అక్కర్లేదు.

నేను తొమ్మిదో తరగతి. అన్నీ అంతరించిపోతున్నాయని పుస్తకంలో ఉంది. ఏదైనా ఒక్కటైనా తిరిగి పెరిగిందా? – ఒక విద్యార్థిని, ఒంగోలు

పెరిగిందమ్మా. పచ్చ తాబేలు అనే సముద్రపు తాబేలు 1982 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉండేది. 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ప్రమాదం తక్కువున్న జాతుల్లోకి మార్చింది. 1970ల నుంచి ఇప్పటికి దాదాపు 28 శాతం పెరిగిందని లెక్క. ఒడ్డున గూళ్లు కాపాడటం, గుడ్లు, మాంసం అమ్మకం ఆపడం, వలలకు టెడ్ పెట్టడం, ఇవే కారణాలు. కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. మన పక్క రాష్ట్రం ఒడిశాలో ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టాయి. అన్నిచోట్లా ఇట్లా లేదు, ఆలివ్ రిడ్లీ ఇంకా ప్రమాదంలో ఉన్న జాతే. తాబేలు పిల్ల ఎదిగి గుడ్లకు రావడానికి 10 నుంచి 15 ఏళ్లు పడుతుంది. మన తీరంలో ఈ ఏడాది వదిలిన పిల్లల సంగతి నువ్వు ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

అందాకా నువ్వు చేయగలిగిన పని ఒకటుంది. నెలకు రెండు సార్లు, ఒకే తీరం ముక్క మీద, ఒకే సమయంలో, ఒక కిలోమీటరు నడిచి రాసుకో. తేదీ, మొదలెట్టిన గంట, ముగించిన గంట, కొత్త జాడలు ఎన్ని, గూళ్లు ఎన్ని, కుక్కలు తవ్వినవి ఎన్ని, చచ్చిన తాబేళ్లు ఎన్ని, తెగిన వలముక్కలు ఎన్ని. ఏమీ కనపడని రోజున కూడా సున్నా అని రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే ఆ రోజు నడవలేదో, నడిచినా కనపడలేదో తర్వాత ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లను తోడు తీసుకుని తెల్లారాకే వెళ్లు. పెన్సిల్‌తో రాయి, ఉప్పుగాలి తడికి పెన్ను రాత అలుక్కుపోతుంది.